మెషీన్‌లో ఉతికే తివాచీ మా ఇంటికి సరిపోతుందా?

ప్రశ్న: నిజాంపేట నివాసి

అందరికీ నమస్కారం. మేము హైదరాబాద్ నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నాము. హాల్లో సోఫా ముందు పరవడానికి 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు గల తివాచీ ఒకటి కొనాలని కొంతకాలంగా అనుకుంటున్నాము. ఈమధ్య ఆన్‌లైన్ దుకాణాలలో ‘మెషీన్‌లో ఉతుక్కోవచ్చు’ అంటూ పలుచని పాలియెస్టర్ తివాచీలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. వాటి మీద నేసిన డిజైను ఉండదు, రంగులతో అచ్చు వేసి ఉంటుంది. చూడటానికి బాగున్నాయి, ధర కూడా ఉన్ని తివాచీతో పోలిస్తే చాలా తక్కువ.

మా ఇంటి పరిస్థితి చెబుతాను. నేల మీద పాకే పాప ఉంది. పాలో, పప్పన్నమో, బిస్కెట్ పొడో కింద పడని పూట ఉండదు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, చేతికర్ర పట్టుకుని నడుస్తారు. మావారికి దుమ్ము పడదు, తెల్లవారితే తుమ్ములే. మాది 7 కిలోల ఫ్రంట్ లోడ్ మెషీన్. వాడేది బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకర్ నీళ్లు. బాల్కనీ చిన్నది; డాబా మీద దండేలు ఉన్నాయి గానీ అవి అపార్ట్‌మెంట్‌లోని అందరివీ. నేల విట్రిఫైడ్ టైల్స్, రోజూ తడిగుడ్డ పెట్టిస్తాము.

ఇలాంటి ఇంటికి ఈ రకం తివాచీ నిజంగా ఉపయోగపడుతుందా, లేక ‘ఉతుక్కోవచ్చు’ అన్న మాట కొనేటప్పుడు ధైర్యం ఇవ్వడానికే పరిమితమా? వాడినవారూ, ఈ వస్తువుల గురించి తెలిసినవారూ వివరంగా చెబితే సంతోషిస్తాను.

సమాధానం: వాషింగ్ మెషీన్ సర్వీసు పని చేసేవాడిని, ఉప్పల్

అమ్మా, తివాచీ ఎంపికకు ముందు మీ మెషీన్ గురించీ, ఆరవేసే చోటు గురించీ ఆలోచించమని నా సలహా. మెషీన్ మీద రాసి ఉండే 7 కిలోలు అన్నది పొడిగా ఉన్న నూలు బట్టల బరువు. చొక్కాలు, తువ్వాళ్లు డ్రమ్ములో విడివిడిగా దొర్లుతూ బరువును చుట్టూ పంచుకుంటాయి. తివాచీ ఒకే ముక్క కాబట్టి నీళ్లు పీల్చుకున్నాక ఒక పక్కకు చేరి ముద్దగా కూర్చుంటుంది. పిండే సమయంలో డ్రమ్ము నిమిషానికి 1000, 1200 చుట్లు తిరగాలి. బరువంతా ఒకే వైపు ఉంటే మెషీన్ ఆ వేగాన్ని అందుకోకుండానే ఆగిపోయి, మళ్లీ నీళ్లు తీసుకుని సర్దుకోవడానికి ప్రయత్నిస్తుంది. చివరికి తివాచీ నీళ్లు ఓడుతూనే బయటికి వస్తుంది. ఇలా పదే పదే జరిగితే డ్రమ్మును మోసే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, బేరింగులు త్వరగా అరిగిపోతాయి.

కొనేముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. 5 × 8 అడుగులంటే 40 చదరపు అడుగులు, దాదాపు 3.7 చదరపు మీటర్లు. అమ్మేవారు చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో రాస్తే దానితో గుణించండి. 800 గ్రాముల పలుచని రకమైతే మొత్తం 3 కిలోలకు కాస్త తక్కువ ఉంటుంది, మీ మెషీన్ మోయగలదు. అదే 2000 గ్రాముల ఒత్తైన కుచ్చు (తివాచీ పైన నిలబడి ఉండే దారపు పోగులు) ఉన్న రకమైతే పొడిగానే 7 కిలోలు దాటిపోతుంది. దాన్ని ఉతకవచ్చని పెట్టె మీద రాసినా, మీ ఇంట్లో ఉన్న మెషీన్‌కు అది వర్తించదు. బరువు రాయకపోతే అడిగి తెలుసుకోండి, చెప్పలేనివారి దగ్గర కొనవద్దు. బరువు సరిపోయినా మరో పరీక్ష ఉంది. మడిచి డ్రమ్ములో పెట్టాక పైన జానెడు ఖాళీ కనిపించాలి. కుక్కి తలుపు వేయవలసి వస్తే నీళ్లూ సబ్బూ లోపలి మడతలకు చేరవు, చేరిన సబ్బు బయటికి రాదు.

లేబుల్ మీది గుర్తులు కూడా చదవాలి. నీళ్ల తొట్టి బొమ్మలో 30 అని ఉంటే 30 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని అర్థం. తొట్టి కింద ఒక గీత ఉంటే మెత్తగా తిప్పే ప్రోగ్రామ్ వాడాలి. తొట్టిలో చేయి ఉంటే చేత్తో మాత్రమే ఉతకాలి, తొట్టి మీద అడ్డంగా కొట్టివేత ఉంటే అసలు నీళ్లలో ఉతకకూడదు. చతురస్రంలో వృత్తం ఉండి, దాని మీద కొట్టివేత ఉంటే డ్రయ్యర్‌లో వేయకూడదు. ప్రకటనలో ఒక మాట, లేబుల్ మీద మరో గుర్తు ఉన్న వస్తువులు నా కంట పడ్డాయి. అలాంటప్పుడు లేబుల్‌నే నమ్మాలి.

ఇక మీ బోరు నీళ్లు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వసతి లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. మన నగర శివార్లలో చాలా బోర్లు మొదటి హద్దును సులువుగా దాటుతాయి. అలాంటి నీళ్లలో పొడి సబ్బు పూర్తిగా కరగదు. మిగిలిన తెల్లటి పొర కుచ్చు మొదళ్లలో పేరుకుని, కాళ్లకున్న దుమ్మును పట్టి ఉంచుతుంది. అందుకే ఉతికిన తివాచీ వారం తిరగకముందే మునుపటికంటే మాసినట్టు కనిపిస్తుంది. ద్రవరూపంలోని సబ్బు వాడండి, అదీ చెప్పిన కొలతకు మించకుండా. అదనంగా ఒకసారి జాడించే ప్రోగ్రామ్ పెట్టండి. డ్రమ్ములో వేసే ముందు తివాచీని బాగా దులిపి వ్యాక్యూమ్ పట్టండి, లేకపోతే ఇసుక, వెంట్రుకలు ఫిల్టర్‌కు అడ్డుపడతాయి.

సెమీ ఆటోమేటిక్ మెషీన్ ఉన్నవారు ఇది చదువుతుంటే ఒక మాట: ఉతికే తొట్టిలో తివాచీ పట్టవచ్చు గానీ పిండే డబ్బా చిన్నది, అందులో పట్టదు. చేత్తో పిండి ఆరవేసుకోగలమనుకుంటేనే కొనాలి.

సమాధానం: డాలస్ నుంచి ఒక తెలుగు గృహస్థు

ఇక్కడ మా ఇంట్లో ఈ రకం తివాచీలే వాడుతున్నాము. ఇద్దరు పిల్లలు, ఒక కుక్క ఉన్న ఇల్లు మాది, ఇవి లేకుండా మాకు గడవదు. అయితే మాకు ఎందుకు సరిపోయిందో చెబితే మీకు ఎంతవరకు సరిపోతుందో తెలుస్తుంది. అమెరికాలో రగ్గబుల్ అనే సంస్థ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో తివాచీ రెండు పొరలుగా ఉంటుంది. కింద జారకుండా పట్టి ఉంచే మందపాటి పొర, దాని మీద అతుక్కునే పలుచని పై పొర. ఉతికేది పై పొరను మాత్రమే. కింది పొరను తడి గుడ్డతో తుడిస్తే చాలు. బరువంతా కింది పొరలోనే ఉండిపోవడంతో 5 × 8 అడుగుల పరిమాణమైనా ఇంటి మెషీన్‌లో ఇమిడిపోతుంది. ఉతికాక తక్కువ వేడి మీద డ్రయ్యర్‌లో వేస్తే సాయంత్రానికి మళ్లీ పరుచుకోవచ్చు.

మీకు డ్రయ్యర్ లేదు కాబట్టి ఆ సాయంత్రం రెండో రోజో, వానాకాలంలో మూడో రోజో అవుతుంది. ఆ మాటకొస్తే హైదరాబాద్ మే నెల ఎండలో మా డ్రయ్యర్ కన్నా త్వరగా ఆరుతుందేమో! అందుకని మీరు కొంటే రెండు పొరల రకాన్నే వెతకండి, భారతదేశంలో కూడా కొన్ని సంస్థలు ఇలాంటివి అమ్ముతున్నాయి. ఒకే ముక్కగా ఉండి, వెనక రబ్బరు పూత ఉన్నవాటి విషయంలో జాగ్రత్త. వేడి నీళ్లూ, తీవ్రమైన ఎండా ఆ పూతను పెళుసుబారుస్తాయి. కొన్నాళ్లకు అది పొడిపొడిగా రాలి నేలకు అంటుకుంటుంది. ఆరవేసేటప్పుడు పూత ఉన్న వైపు ఎండకు చూపకుండా, వీలైతే గాలి ఆడే నీడలో వేయాలి.

పాలియెస్టర్ గురించి కూడా తెలుసుకోవలసింది ఉంది. ఆ దారం నీటిని దాదాపు పీల్చుకోదు. సాధారణ వాతావరణంలో నూలు తన బరువులో 8.5 శాతం తేమను పట్టి ఉంచుకుంటే, పాలియెస్టర్ 0.4 శాతమే ఉంచుకుంటుంది. పాలు, టీ, పళ్లరసం వంటివి వెంటనే అద్దితే చాలావరకు వచ్చేస్తాయి. కానీ నూనె విషయంలో లెక్క తారుమారవుతుంది; పాలియెస్టర్ నూనెను గట్టిగా పట్టుకుంటుంది. తలకు రాసిన కొబ్బరి నూనె, పప్పులోని తాలింపు, అప్పడాల జిడ్డు వంటి మరకలు చల్లటి నీళ్లలో వేసే మామూలు ఉతుకుతో పోవు. ముందుగా గిన్నెలు తోమే ద్రవాన్ని కొద్దిగా రాసి, కాసేపు ఆగి, ఆ తర్వాత మెషీన్‌లో వేయాలి. మరక పోలేదని తెలిస్తే డ్రయ్యర్‌లో వేయకూడదు, వేడికి అది స్థిరపడిపోతుంది.

పసుపు మరకకు సబ్బు తగిలి ఎర్రబడితే కంగారు పడవద్దు. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపు తిరుగుతుంది, బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగుకే వస్తుంది. ఆ రంగు ఎండకు తట్టుకోలేదు కాబట్టి మరక ఉన్నచోటు వరకు కాసేపు ఎండ తగలనిస్తే వెలిసిపోతుంది. డ్రయ్యర్లున్న మాకు లేని సౌకర్యం ఇది.

సమాధానం: ఫిజియోథెరపిస్టు, గుంటూరు

తివాచీ మన్నిక గురించి పైవారు చెప్పారు. నాకు మీ అత్తగారి గురించే ఎక్కువ ఆందోళనగా ఉంది. పలుచని తివాచీలో రెండు ప్రమాదాలు ఉన్నాయి: నున్నటి టైల్స్ మీద మొత్తంగా జారడం, ఉతికిన కొద్దీ మూలలు పైకి లేచి కాలి బొటనవేలికో, చేతికర్ర కొనకో తగలడం. మోకాళ్ల నొప్పి ఉన్నవారు పాదాన్ని పూర్తిగా ఎత్తి వేయలేరు, ఈడ్చినట్టు నడుస్తారు. వేలెడు మందం లేని అంచు కూడా వారికి గడపలాంటిదే. అందువల్ల ఆమె పడకగది నుంచి బాత్రూముకు, వంటింటికి, వీధి తలుపుకు నడిచే దారిలో ఏ తివాచీ వద్దు, ఉతికేదైనా ఉతకనిదైనా. సోఫా ముందు వేస్తే ముందరి కాళ్ల కిందకు అంచును జరిపి బరువు పెట్టండి, మిగిలిన మూలలకు రెండు వైపులా అతుక్కునే పట్టీలు వేయండి. వెనక రబ్బరు చుక్కలు ఉన్నవి మొదట్లో బాగా పట్టుకుంటాయి, వాటి మీద దుమ్ము పేరుకున్నాక పట్టు తప్పుతుంది. తివాచీని ఉతకకపోయినా ఆ వెనక భాగాన్ని, కింద నేలను తడి గుడ్డతో తరచుగా తుడవాలి, పూర్తిగా ఆరిన తర్వాతే తిరిగి పరవాలి. రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లలో పనివారు తివాచీ అంచు మడిచి తుడిచి వెంటనే పరిచేస్తారు. ఆ తేమకు అడుగున ముక్కిన వాసన వస్తుంది.

మీవారి తుమ్ముల గురించి కూడా ఒక మాట. ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనిపించని పురుగులు, వాటి మలం చాలామందికి ఎలర్జీ తెప్పిస్తాయి. వాటిని చంపడానికి 55, 60 డిగ్రీల వేడి నీళ్లు కావాలి. ఈ తివాచీలలో చాలావాటి లేబుల్ 30 డిగ్రీలకు మించవద్దంటుంది. చల్లటి నీటి ఉతుకుతో దుమ్మూ, ఎలర్జీ కలిగించే పదార్థమూ కొంత కొట్టుకుపోతాయి గానీ పురుగులు చావవు. కాబట్టి ఉన్ని తివాచీతో పోలిస్తే కొంత మేలు జరుగుతుందనుకోవచ్చు, తుమ్ములు ఆగిపోతాయనుకోవడానికి లేదు. వైద్యులు దుమ్ము పురుగుల ఎలర్జీ అని నిర్ధారించి ఉంటే పడకగదిలో ఏ తివాచీ లేకపోవడమే ఉత్తమం.

సమాధానం: కొత్తవాడ, వరంగల్

మాది జంపఖానాలు నేసే కుటుంబం, కాబట్టి నా మాటలో మొగ్గు ఉంటుందని ముందే మనవి చేస్తున్నాను. ఉతుక్కునే తివాచీ కొత్తగా వచ్చిన ఆలోచన అన్నట్టు ప్రకటనలు చెబుతుంటే బాధ కలుగుతుంది. మన ఇళ్లలో పెళ్లిళ్లకూ, భజనలకూ, పేరంటాలకూ పరిచిన నూలు జంపఖానాలను ఉతికి, ఆరవేసి, మడత పెట్టి పెట్టెలో దాచుకోలేదా? వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వీటికి కుచ్చు ఉండదు, పడుగు పేకలు బిగువుగా అల్లుకుని రెండు వైపులా ఒకే నమూనా వస్తుంది. ఒక వైపు మాసితే తిప్పి పరవవచ్చు, ఉతకవలసిన అవసరం సగానికి తగ్గుతుంది. కుచ్చు లేకపోవడంతో అన్నం మెతుకు, బిస్కెట్ పొడి లోపలికి దిగవు. డాబా మీదికి తీసుకెళ్లి రెండుసార్లు దులిపితే రాలిపోతాయి. వెనక రబ్బరూ జిగురూ ఉండవు, ఎండ తగిలితే ఏమీ కాదు.

అయితే మా సరుకు గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. నూలు నీళ్లను బాగా పీల్చుకుంటుంది. 5 × 8 అడుగుల మందపాటి జంపఖానా తడిస్తే ఇద్దరు మనుషులు పట్టి ఎత్తవలసి వస్తుంది. దాన్ని 7 కిలోల మెషీన్‌లో వేయమని నేను చెప్పను. బాత్రూములోనో, డాబా మీదనో పరిచి, సబ్బు నీళ్లతో మెత్తటి బ్రష్షు పెట్టి రుద్ది, పైపుతో కడిగి, పిట్టగోడ మీద వేస్తే నీళ్లు కారిపోతాయి. ముదురు రంగులు మొదటి ఉతుకులలో దిగుతాయి. తెల్లటి తడి గుడ్డతో ఒక మూల రుద్ది చూసి, రంగు అంటితే విడిగా చల్లటి నీళ్లలోనే ఉతకాలి. మొదటి ఉతుకుకు కొద్దిగా కుంచించుకుపోవచ్చు, ఆ మేరకు కొంచెం పెద్దది కొనుక్కోవాలి. పసుపు, నూనె కలిసిన మరక నూలులో లోతుగా దిగుతుంది, పూర్తిగా పోతుందని హామీ ఇవ్వలేను. టైల్స్ మీద జారే మాట కూడా నిజమే, కింద రబ్బరు జాలీ ఒకటి తప్పనిసరి.

నేను పాలియెస్టర్ వద్దనడానికి ఇంకొక కారణం ఉంది. ఉతికిన ప్రతిసారీ ఆ దారం నుంచి కంటికి కనిపించని ప్లాస్టిక్ నూగు విడిపోయి మురుగు నీళ్లలోకి, అక్కడి నుంచి చెరువులలోకి చేరుతుంది. తరచుగా ఉతకడానికే కొనే వస్తువు విషయంలో ఇది ఆలోచించవలసిన సంగతి. నూలు దారమూ విడిపోతుంది గానీ అది మట్టిలో కలిసిపోతుంది.

చిన్న పరిమాణం, పలుచని నేత అయితే మాత్రం మా జంపఖానాలను కూడా మెషీన్‌లో వేస్తున్నవారు ఉన్నారు. 3 × 5 అడుగులదైతే మీ మెషీన్ సులువుగా మోస్తుంది. అంచుల్లో వేలాడే దారపు కుచ్చులుంటే విడిపోకుండా పెద్ద వల సంచిలోనో, పాత దిండు గలీబులోనో పెట్టి వేయండి.

ప్రశ్న అడిగినవారి స్పందన: నిజాంపేట నివాసి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మేము చూసి పెట్టుకున్న తివాచీ అమ్మకందారును బరువు అడిగాము. 5 × 8 అడుగులది 6 కిలోల పైమాటే అని సమాధానం వచ్చింది, ఒకే ముక్క, వెనక రబ్బరు పూత కూడా ఉంది. దాన్ని వదిలేస్తున్నాము.

మీ సలహాలన్నీ కలిపి ఇలా అనుకుంటున్నాము. హాలు మధ్యలో పెద్దది వేయము, అత్తగారు అటే నడుస్తారు. గోడవారగా పాప ఆడుకునే మూలలో 4 × 6 అడుగుల రెండు పొరల రకం ఒకటి వేస్తాము. బంధువులు వచ్చినప్పుడు పరవడానికి వరంగల్ జంపఖానా ఒకటి కొని, మిగిలిన రోజుల్లో మడిచి పెడతాము. పడకగదిలో ఏమీ వేయము. దీనిలో లోపం ఏమైనా ఉంటే చెప్పండి. ఉప్పల్ సోదరులకు ఒక సందేహం: పాప మూత్రం పోస్తే ప్రతిసారీ మెషీన్‌లో వేయాలా?

సమాధానం: వాషింగ్ మెషీన్ సర్వీసు పని చేసేవాడిని, ఉప్పల్

మీ నిర్ణయం బాగుంది. 4 × 6 అంటే 2.2 చదరపు మీటర్లు, పై పొర ఒక్కటే కాబట్టి మీ మెషీన్‌కు శ్రమ ఉండదు. పాప మూత్రానికి ప్రతిసారీ మెషీన్ అక్కర్లేదు. వెంటనే పొడి గుడ్డతో ఒత్తి పీల్చండి, రుద్దవద్దు. ఆ తర్వాత చల్లటి నీళ్లు కొద్దిగా పోసి మళ్లీ ఒత్తండి. పై పొరను విప్పి కింది పొర మీదికి దిగిందేమో తప్పక చూడండి, దిగితే దాన్నీ తుడిచి నిలబెట్టి ఆరనివ్వండి; వాసన సాధారణంగా అక్కడే నిలిచిపోతుంది. ఇలా చేస్తూ వాసన తెలిసినప్పుడో, మాసినట్టు కనిపించినప్పుడో మెషీన్‌లో వేస్తే సరిపోతుంది.

ఒక్క సంగతి కలుపుతాను. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ముసురు పట్టిన రోజుల్లో ఉతకవద్దు. తెరిపి ఇచ్చి రెండు రోజులు ఎండ కాస్తుందన్న నమ్మకం ఉన్నప్పుడు ఉదయాన్నే వేయండి, పిండే వేగం లేబుల్ అనుమతించినంత పెంచండి. ఆరవేసేటప్పుడు ఒకే దండెం మీద మడిచి వేయకుండా, రెండు దండేల మీద పందిరిలా పరిచి వేస్తే మధ్యలో గాలి ఆడుతుంది, మడత గీత కూడా పడదు. ఆ రోజు పాపకు ఆ మూలలో జంపఖానా పరవండి.